ఓనరా, మేనేజరా?

ఆదివారం మధ్యాహ్నం, లారీల షెడ్డు వెనక ఉన్న ఇంటి వంటగది. బల్లకి ఇటువైపు చేతుల నిండా గ్రీజుతో, ముందొక చక్రం బేరింగుతో లారీల ఓనరు. అటువైపు ఒళ్లో పరీక్ష పుస్తకంతో ఆయన భార్య. మధ్యలో ఆయన ఫోను.

"తిట్టాలి."

"ఏమిటీ?"

"డ్రైవరు చెప్పాపెట్టకుండా డ్యూటీకి రాకపోతే మేనేజరు ఏం చెయ్యాలి అన్నావుగా. తిట్టాలి."

"నాలుగు జవాబులు ఇచ్చారండీ. ఆ నాలుగింట్లో తిట్టాలి అన్నది లేదు."

"లేకపోవడమేంటి, సరిగ్గా చూడు. చివర్న 'పైవన్నీ' అని ఉంటుంది, అందులోకి వస్తుంది."

"పైవన్నీ లేదు. పైవాడు ఒక్కడే ఉన్నాడు, మిమ్మల్ని చూసి నవ్వుకుంటున్నాడు. పోయినసారి పరీక్షలో కూడా ఇదే చేసొచ్చారు కదూ?"

"నేను తప్పు జవాబుకి టిక్కు పెట్టలేదు. నాలుగూ నచ్చకపోతే పక్కన ఖాళీలో నా జవాబు రాసొచ్చాను. పేపరు తయారుచేసినవాళ్లకి తెలియాలి కదా అని."

"తెలిసింది. అందుకే ఫెయిలు చేశారు."

"ఇన్నేళ్లుగా లారీలు తిప్పుతున్నా. నాకు పరీక్షేంటే? చేపకి ఈత పరీక్ష పెట్టినట్టు."

"చేప ఖాళీలో జవాబులు రాసి రాదు. రేపు కూడా పోయిందనుకోండి, మేనేజరు సర్టిఫికెట్టు లేదని పర్మిట్లు తిరగరాయరు. లారీలన్నీ షెడ్డులో పెట్టుకుని వాటి కింద కోళ్లు పెంచుకోవాలి."

"కోళ్లకి పరీక్ష లేదుగా?"

"ఇప్పటికి లేదు. మీరు మొదలుపెడితే పెడతారు."

"వెటకారం ఆపి తరవాతిది అడుగు."

"అసలు సర్టిఫికెట్టు ఉన్న కుర్రాణ్ణి జీతానికి పెట్టుకున్నారుగా. వాణ్ణి వారం తిరక్కుండా ఎందుకు తరిమేశారు?"

"వాడా. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, వచ్చిన రోజే మన పెద్ద బండి టైరు చూసి ఇది రోడ్డెక్కడానికి వీల్లేదన్నాడు."

"టైరు అరిగిందా?"

"అరిగింది. అయితే మాత్రం, చెప్పే పద్ధతి ఒకటుంటుందా లేదా? నా బండి రోడ్డెక్కకూడదని నాకే చెప్పడానికి వాడెవడు?"

"మేనేజరు."

"అదే నేను కూడా అన్నాను. మేనేజరే కదా, ఓనరు కాదుగా అన్నాను. ఆ పుస్తకం తీసి చూపించాడు. భద్రత విషయంలో ఓనరు మాట కంటే మేనేజరు మాటే పైదట. నా డబ్బుతో కొన్న బండి మీద నా మాట కింద, వాడి మాట పైన. అప్పుడే అనుకున్నా, ఈ మేనేజరేదో నేనే అయిపోతానని. ఓనరూ నేనే, మేనేజరూ నేనే. గొడవొస్తే ఇంట్లోనే తేలిపోతుంది."

"బాగుంది. ఇద్దరూ ఒకే కంచంలో తింటారు కాబట్టి అంట్లు కూడా కలిసొస్తాయి. సరే, వినండి. ఇసుక లోడు మీద టార్పాలిన్ ఎందుకు కప్పాలి?"

"ఎవరి కంటా పడకుండా."

"తప్పు. గాలికి లేచి వెనకొచ్చేవాళ్ల కళ్లలో పడకుండా."

"నేను కూడా కళ్ల సంగతే కదా చెప్పాను."

"డ్రైవరు ఆగకుండా ఎంతసేపు నడపవచ్చు?"

"లోడు చేరేదాకా."

"ఏవండీ."

"పుస్తకం ప్రకారమా? అలా చెప్పు మరి. పుస్తకం ప్రకారం అయితే మధ్యమధ్యలో ఆపి, దిగి, కాళ్లు జాపుకుని, కునుకు తీసి, మళ్లీ ఎక్కి... ఇది రాసినవాడు లారీ మీద రాశాడా, పెళ్లివారి బస్సు మీద రాశాడా?"

"మంచి మేనేజరుకి ఉండాల్సిన లక్షణాలు?"

"ఇది వచ్చు. ఓర్పు, ముందుచూపు, మృదుభాషణ."

"మృదుభాషణ అంటే?"

"ఏమో. మార్కులు చెప్పినందుకే కదా, అర్థానికి విడిగా ఇస్తారా? అదిగో, ఫోను. ఎవరో చూడు."

"మా తమ్ముడు."

"లోడు మీద ఉన్నప్పుడు నా బావమరిది. తిండికి వచ్చినప్పుడు నీ తమ్ముడు. స్పీకర్లో పెట్టు, చేతులకి గ్రీజు. ఏరా, కొండ దిగేశావా?"

"లేదు బావా, ఇంకా పైనే ఉన్నా. గాలి నిలబడట్లేదు."

"ఏ గాలి?"

"బ్రేకు గాలి. తొక్కినప్పుడల్లా మీటరు ముల్లు కిందికి జారిపోతోంది. ఇంజను రేజు చేస్తే కాస్త లేస్తోంది, మళ్లీ పడిపోతోంది. వెనక ఎడం చక్రం దగ్గర సుయ్‌మని చప్పుడొస్తోంది."

"సుయ్‌మంటే ఎంత సుయ్యి?"

"సుయ్యికి కొలతలేంటి బావా? బ్రేకు కాలికింద మెత్తగా ఉంది."

"మెత్తగా ఉంటే మంచిదేగా, కాలు నొప్పెట్టదు. ఒరేయ్, పైపు కీలు దగ్గర సైకిలు ట్యూబు ముక్క చుట్టి గట్టిగా కట్టు. చిన్న గేరులో వేసి మెల్లగా దించెయ్. ఇంజనే పట్టుకుంటుంది. ఆ కొండ నేను అసలు బ్రేకే లేకుండా దించాను."

"నువ్వు దించింది ఖాళీ బండి బావా."

"ఎవడు చెప్పాడు?"

"నువ్వే. మొదటిసారి చెప్పినప్పుడు ఖాళీ బండి. తరవాత చెప్పినప్పుడు సగం లోడు. ఈసారి ఎంత ఎక్కించావో ఇంకా చెప్పలేదు."

"నోరు బాగా లేస్తోంది. చూడు, గోడౌను గేటు పొద్దుగూకే లోపు మూసేస్తారు. ఇవాళ ఆ టైల్సు చేరకపోతే ఇకమీదట మన ముఖం చూడరట. నెలల తరబడి తిరిగి పట్టుకున్న లోడు. తెలుసుగా?"

"తెలుసు బావా."

"మరి దిగు."

"చూస్తా."

"చూడ్డం కాదు, దిగడం. పెట్టెయ్."

"అదేమిటండీ, బ్రేకు లేదని వాడు మొత్తుకుంటుంటే..."

"లేదనలేదు. మెత్తగా ఉందన్నాడు. వాడికి చిన్నప్పట్నుంచీ పిరికి మందు పోశారు మీ ఇంట్లో. బల్లిని చూసి మంచమెక్కేవాడని నువ్వే చెప్పావు."

"బల్లి మీద కూర్చుని కొండ దిగమని ఎవరూ అడగలేదు వాణ్ణి."

"ప్రశ్న అడుగు. పొద్దున్నే పరీక్ష. రాసేది అవగానే నోటి పరీక్ష కూడా ఉంటుందట ఈసారి. ముగ్గురు కూర్చుని అడుగుతారట."

"సరే. బండి బయలుదేరేముందు డ్రైవరు చూసుకోవాల్సినవి?"

"టైర్లు, లైట్లు, అద్దాలు, స్టీరింగు, బ్రేకు గాలి, లోడు కట్లు, కాగితాలు."

"బ్రేకు గాలి అన్నారు."

"అన్నాను. పుస్తకంలో ఉంది."

"బండిలో లోపం ఉందని డ్రైవరు చెప్పినప్పుడు మేనేజరు చెయ్యాల్సింది? అ, డ్రైవరు అనుభవం మీద వదిలెయ్యాలి. ఆ, గమ్యం చేరాక చూసుకోమనాలి. ఇ, వెంటనే బండి ఆపించి, బాగుచేయించాకే మళ్లీ రోడ్డెక్కించాలి. ఈ, వేరే డ్రైవర్ని పంపాలి."

"ఇ. వెంటనే ఆపించాలి, బాగుచేయించాలి, అప్పుడే ఎక్కించాలి. చూశావా, నువ్వు 'ఇ' అనేలోపే నా నోట్లో ఉంది."

"భేష్. మరి ఇందాక నోట్లోంచి బయటికి రాలేదేం?"

"ఇందాకటిది ప్రశ్న కాదు. ఫోను."

"తేడా ఏమిటో?"

"అది పుస్తకం, ఇది వ్యాపారం. రెండూ ఒకటే అయితే పుస్తకం కొనడమెందుకు, ఫోను చదువుకుని పోయేవాణ్ణి పరీక్షకి."

"ఫోన్లో మాట్లాడింది ఎవరండీ? ఓనరా, మేనేజరా?"

"మేనేజరు ఇంకా పుట్టలేదే. రేపు పాసయ్యాక పుడతాడు. ఇవాళ్టికి ఓనరే."

"పుట్టేలోపు పోయేవాళ్ల సంగతి?"

"అపశకునం మాటలు మాట్లాడకు. వాడు నీ తమ్ముడే కాదు, నా చేతుల మీద స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు. ఏం చెయ్యగలడో నాకు తెలుసు."

"బ్రేకు నేర్చుకోలేదుగా మీ దగ్గర. నాకు భయంగా ఉందండీ. నిజంగా భయంగా ఉంది. అమ్మ పొలానికి పోతే వాణ్ణి చంకనేసుకుని తిరిగింది నేను. ఒక్కసారి ఫోను చేసి ఆగమనండి. లోడు పోతే పోయింది."

"పోతే పోయిందా? రేపట్నుంచి వాడికి జీతం నీ చంకలోంచి ఇస్తావా? ఆ లోడు లేకపోతే రెండు బళ్లు పడుకుంటాయి. అందులో ఒకటి వాడు తోలేదే. అడుగు, తరవాతిది అడుగు."

"సరుకు కట్టడంలో... సరుకు కట్టడంలో తాళ్లు, గొలుసులు..."

"చదువుతూ చదువుతూ ఆగిపోతావేం? నేను ఫెయిలయితే నీ వల్లే అంటాను."

"అనండి. ఇంట్లో ఏది జరిగినా నా వల్లే, షెడ్డులో ఏది జరిగినా డ్రైవర్ల వల్లే. మీ వల్ల జరిగేది పరీక్ష ఫెయిలవడం ఒక్కటే, అదీ నాకే ఇచ్చేస్తారా? అదుగో మళ్లీ వాడే. మాట్లాడండి. మృదువుగా."

"చెప్పరా. దిగావా?"

"బావగారూ, నమస్కారమండీ."

"బావగారేంట్రా కొత్తగా? ఎండకి మెదడు కరిగిందా?"

"లేదండీ. ఇంకా కొండ పైనే ఉన్నానండీ."

"అండీ అంటున్నాడేంటే వీడు?"

"మీరు ఇందాక అరిచారుగా. గౌరవం పెరిగుంటుంది."

"బావగారూ, బ్రేకు సరిగ్గా పట్టట్లేదని మీకు ఇందాకే చెప్పాను కదండీ. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారో ఇంకొక్కసారి నిదానంగా చెప్పండి."

"దిగమన్నాను."

"అంటే బ్రేకు పట్టకపోయినా దిగమంటారు."

"ఔనురా. ఏం, రాసిమ్మంటావా?"

"అక్కర్లేదండీ. వినపడితే చాలు."

"ఇంకో సంగతి. కాగితంలో రాయించినదానికంటే కాస్త ఎక్కువే ఎక్కించాను నిన్న. అందుకని ఆ పైన చెక్‌పోస్టు దగ్గర తచ్చాడకు. ఎవడో ఒకడు వచ్చి కాటా వెయ్యమంటాడు."

"బావా, నీకు దణ్ణం పెడతా, ఆ సంగతి ఇప్పుడెందుకు."

"ఇప్పుడు కాకపోతే కాటా ఎక్కాక చెప్పనా?"

"అది కాదు బావ... బావగారూ. బండిలో పక్కన మనిషి ఉన్నారు."

"ఎవడు? లిఫ్టు అడిగి ఎక్కాడా?"

"అలాంటిదే."

"ఒరేయ్, సరుకు బండిలో బయటి మనుషుల్ని ఎక్కించకూడదని తెలీదా? పుస్తకంలో ఎంత పెద్ద పాఠం ఉందో. నేను నిన్ననే బట్టీపట్టాను. చట్టం చట్టమే కదా, మనకి నచ్చినట్టు చేస్తే ఎలా?"

"మీ నోటి వెంట ఆ మాట వినడం సంతోషంగా ఉందండీ."

"సర్లే, ఎక్కించుకుంటే ఎక్కించుకున్నావు, ఊరికే మాత్రం దింపకు. ఎంతో కొంత తీసుకో."

"ఆయన ఇచ్చే రకం కాదండీ."

"అయితే ఊరికే తిరిగే రకమన్నమాట. ఇలాంటివాళ్లని నేను ఎంతమందిని చూడలేదు."

"మెల్లగా మాట్లాడండి బావగారూ, స్పీకర్లో ఉంది."

"ఉండనీ. నేనేమన్నా దొంగమాట మాట్లాడుతున్నానా? ఆయనకీ చెప్పు, భయముంటే దిగి నడిచిపొమ్మను. నువ్వు మాత్రం గేటు మూసేలోపు అక్కడుండు. పెట్టెయ్యవే."

"తమ్ముడూ, ఉండరా, నేను..."

"పెట్టెయ్యమన్నానా. ఇద్దరూ కూచుని ఏడుపులు మొదలెడితే ఇక వాడు దిగినట్టే."

"పెట్టేశాను."

"ఆ. ఎక్కడున్నాం?"

"చట్టం చట్టమే అన్నచోట ఉన్నాం."

"వెటకారం."

"మీ మాటే మీకు చెప్పాను. నేను కొత్తగా కలిపింది ఏమీ లేదు. కాసిని నీళ్లు తాగండి, గొంతు పోతుంది. రేపు ముగ్గురి ముందు మాట్లాడాలిగా."

"ఇటియ్యి. గ్లాసు నువ్వే పట్టుకో, గ్రీజు. ఆ, చాలు. పుస్తకం తియ్యి."

"తీశాను. ఇది పెద్ద ప్రశ్న. నోటి పరీక్షకి తప్పకుండా వస్తుందట. గుర్తు పెట్టి ఉంది."

"చదువు."

"ఒక డ్రైవరు బరువు బండితో కొండమీద ఉన్నాడు. బ్రేకు గాలి నిలబడట్లేదని ఫోను చేశాడు. దిగువన గోడౌను గేటు మూసే వేళవుతోంది. సరుకు చేరకపోతే ఆ ఖాతా పోతుంది. ఓనరు దిగమంటున్నాడు. మేనేజరుగా మీరేం చేస్తారు?"

"ఇదేంటే, అచ్చం మన సంగతిలా ఉంది?"

"పుస్తకం రాసినవాళ్లకి మన సంగతెలా తెలుస్తుందండీ? ప్రతి కొండ మీదా ఎవడో ఒక ఓనరు ఉంటాడేమో."

"ఓనరు కొండమీద ఉండడు. ఇంట్లో ఉంటాడు."

"ఔను, అదే. గ్రీజు పూసుకుంటూ. జవాబు చెప్పండి. గట్టిగా చెప్పండి, గొణిగితే మార్కులు పోతాయి."

"గట్టిగానా? విను. అటువంటి సందర్భమున మేనేజరు మొట్టమొదట వాహనమును కదలనీయరాదు."

"మామూలుగా చెప్పినా మార్కులు వేస్తారు."

"మామూలుగా అయితే, బండి కదపకూడదు. ముందు చక్రాల కింద అడ్డు పెట్టించాలి. తాళం తీయించాలి. డ్రైవరు దిగి రోడ్డుకి దూరంగా నిలబడాలి. దగ్గర్లో ఉన్న మెకానిక్కుని పంపాలి. బాగైందని మెకానిక్కు చెప్పేదాకా బండి ఎక్కకూడదు, ఎంత ఆలస్యమైనా సరే."

"సైకిలు ట్యూబు చుట్టచ్చా?"

"చుట్టకూడదు. అది మరమ్మతు కాదు, మోసం. అని ఉంది పుస్తకంలో."

"గోడౌనువాళ్లకి ఏం చెప్తారు?"

"ఉన్నదున్నట్టు చెప్పాలి. వేరే బండి దొరికితే సరుకు దాంట్లోకి మార్చి పంపిస్తామనాలి."

"డ్రైవరు పిరికివాడైతే?"

"లోపం చెప్పిన డ్రైవర్ని పిరికివాడనకూడదు. ఎగతాళి చెయ్యకూడదు. ఇవాళ నవ్వితే రేపు చెప్పడం మానేస్తాడు. ఇది చాలా ముఖ్యం, కింద గీత గీసి ఉంటుంది చూడు."

"ఉంది. ఓనరు ఒప్పుకోకపోతే?"

"ఓనరు ఒప్పుకునేదేంటి? ఓనరు మాట చెల్లదు. పర్మిట్టు మీద ఉండేది మేనేజరు సంతకం. ఏదైనా అయితే కోర్టుకెళ్లేది మేనేజరు."

"ఓనరు అరిస్తే?"

"అరవనీ. అరిస్తే బ్రేకు పడుతుందా?"

"ఆ ఖాతా పోతే రెండు బళ్లు పడుకుంటాయని అంటే?"

"పడుకుంటే లేపుకోవచ్చు. ఖాతా పోతే ఇంకో ఖాతా వస్తుంది. బండి పోతే ఇంకో బండి వస్తుంది. డ్రైవరు పోతే..."

"ఆగారేం? డ్రైవరు పోతే? చెప్పండి. ఇంతసేపూ గడగడా చెప్పారు."

"పుస్తకంలో అక్కడిదాకానే ఉంది."

"మిగతాది సొంతంగా చెప్పండి."

"ఆ ప్రశ్న ఏ పేజీలో ఉంది? ఇటు తిప్పు. ఇటు చూపించు."

"ఏ పేజీలోనూ లేదు."

"మరి కింద గీత గీసి ఉందన్నావు?"

"గీశారు. దేవుడు గీశాడు, మీ నోటితో చెప్పించాడు. తమ్ముడూ, విన్నావా?"

"విన్నానక్కా."

"ఏమే. ఫోను పెట్టెయ్యలేదా నువ్వు?"

"లేదు. పెట్టేశానని అబద్ధం చెప్పాను. వాడు ప్రాణాలతో ఇంటికొచ్చాక చెంపలేసుకుంటాలెండి."

"మొగుణ్ణి కూర్చోబెట్టి నాటకం ఆడిస్తావా? నా ఇంట్లో, నా ఫోన్లో?"

"నాటకం మీరాడారు. నేను ప్రశ్న అడిగానంతే. రేపు ఆ ముగ్గురూ అడిగేదే ఇవాళ నేనడిగాను. రేపు ఒక మాట, ఇవాళ ఒక మాట అయితే ఆ సర్టిఫికెట్టు తెచ్చి ఏ గోడకి తగిలించుకుంటారు? తమ్ముడి ఫొటో పక్కనా?"

"బావగారూ."

"ఏంట్రా."

"ఇప్పుడు నేనేం చెయ్యను? ఓనరు దిగమన్నాడు. మేనేజరు ఆగమన్నాడు. నేను ఎవరి మాట వినాలి?"

"మాట్లాడండీ. వాడు అడుగుతున్నాడు."

"మేనేజరు మాట."

"సరిగ్గా వినపడలేదండీ."

"మేనేజరు మాట వినరా అన్నాను. బండి కదపకు. చక్రాల కింద రాళ్లు పెట్టు, చిన్నవి కాదు, పెద్దవి. హ్యాండు బ్రేకు లాగి, తాళం తీసి దిగిపో. లోయ వైపు నిలబడకు, ఇటువైపు నిలబడు. ఆ సైకిలు ట్యూబు చుట్టావా?"

"లేదు బావా."

"చుట్టకు. మెకానిక్కుని తీసుకుని నేనే వస్తున్నా. ఏమే, ఆ సబ్బు ఇటియ్యి."

"మరి మీ చదువు?"

"దారిలో నువ్వు అడుగుతూ ఉండు, ఫోన్లో. ఎలాగూ పెట్టెయ్యడం నీకు చేతకాదుగా."

"గోడౌనువాళ్లకి ఏం చెప్పమంటావు బావా?"

"నువ్వేం చెప్పకు, నేను చెప్పుకుంటా. పోతే పోతారు. ఒరేయ్."

"చెప్పు బావా."

"తిన్నావా ఏమన్నా?"

"తిన్నాను. ఆయన పెట్టించారు."

"ఎవరు?"

"పక్కన కూర్చున్న ఆయన. నీతో మాట్లాడతారట."

"లిఫ్టాయనా? ఆయనకి నాతో ఏం పని? ఆలస్యమైందని గొడవకా? వేరే బండి చూసుకోమను."

"నమస్కారమండీ. నేను లిఫ్టు అడిగి ఎక్కినవాణ్ణి కాను. కొండ మీద చెక్‌పోస్టు ఇన్‌స్పెక్టర్ని. ఉన్నారా, వెళ్లిపోయారా?"

"ఉన్నా... ఉన్నానండీ."

"మీరు మొదటి ఫోను పెట్టేశాక మీవాడు దిగకుండా తిన్నగా బండి తెచ్చి నా ముందర ఆపాడు. తాళం అప్పట్నుంచీ నా జేబులోనే ఉంది. మీ ఓనరుకి మళ్లీ ఫోను చెయ్యి, ఏమంటాడో నేను వినాలి అన్నాను. విన్నాను. ఊరికే తిరిగే రకమన్నది కూడా విన్నాను."

"అది మిమ్మల్ని కాదండీ."

"లిఫ్టాయన్ని. తెలుసు. ఎక్కువ బరువుకి జరిమానా తప్పదు, అది కట్టుకోండి. బ్రేకు కేసు సంగతి వేరు. అది పైకి పంపితే రేపు మీరు పరీక్ష పాసైనా ఉపయోగం లేదు. ఓనరుగారు మాట్లాడినంతసేపూ ఆ కేసు రాస్తూనే ఉన్నాను. మేనేజరుగారు వచ్చాక పెన్ను ఆగింది. ఇప్పుడు కాగితం సగంలో ఉంది. ఒక్క మాట చెప్పండి, దాన్నిబట్టి పూర్తిచెయ్యాలా, హెచ్చరించి వదిలెయ్యాలా చూస్తాను. రేపట్నుంచి మీ డ్రైవర్లు ఇలా ఫోను చేస్తే ఎత్తేది ఎవరండీ, ఓనరా, మేనేజరా?"

"మా ఆవిడండీ."